రెండో చెరువు

మొన్న ఆదివారం పటమట చేపల మార్కెట్లో ఒకడితో పోట్లాట పెట్టుకున్నాను. శీలావతులు నిగనిగలాడుతూ వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. ఒకదాన్ని తోక పట్టుకుని అవతలి పక్కకి తిప్పబోయాను. "తిప్పకండి మేడమ్, పొలుసు రాలిపోద్ది," అన్నాడు. పొలుసు రాలితే వాడికొచ్చే నష్టమేంటో నాకు తెలీదా? మా అమ్మమ్మ దగ్గర్నుంచి మాది చేపలమ్ముకున్న ఇల్లు. తిప్పాను. పొట్ట పక్కన రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ. "ఇదేంటి బాబూ?" అన్నాను. "దోమ కుట్టిందండీ," అన్నాడు, ఏమాత్రం సిగ్గులేకుండా. నీళ్ళల్లో ఉండే చేపకి దోమ కుట్టిందట!

నాలుగు దులుపుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసేసుకున్నాను. ఎందుకంటే చేపని అలా తిప్పి చూడటం నా అలవాటు కాదు, మా మేడమ్‌ది. ఆవిడ పోయి రెండు నెలలు దాటింది. ఆవిడ పక్కనే అన్నేళ్ళు పనిచేసేసరికి నా చేతికి కూడా అంటుకుంది. చేప కొనకుండానే ఇంటికొచ్చేశాను.

ఆవిడ పేరు రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. బెజవాడ దగ్గర్లో ఒక చిన్న చేపల పరిశోధన కేంద్రంలో ఆవిడ సైంటిస్టు, నేను ల్యాబ్ టెక్నీషియన్ని. చెరువుల మీద అందరూ ఆవిణ్ణి చేపల డాక్టరమ్మ అనేవాళ్ళు. "డాక్టర్ని కాదండీ, తెలియక వెతుక్కుంటున్నదాన్ని," అనేవారు ఆవిడ. వాళ్ళు శ్రద్ధగా విని, "సరే డాక్టరమ్మా," అనేవాళ్ళు.

ఏదైనా సరే తిప్పి రెండో పక్క చూడాల్సిందే ఆవిడ. మామిడిపండు తిప్పేవారు. చీరల కొట్టుకి తీసుకెళ్తే చీరని తిరగేసి వెనక దారాలు చూసేవారు, కొట్టువాడు లోపల్లోపల ఏడ్చేవాడు. మా అమ్మాయికి సంబంధం వచ్చిందని పెళ్ళికొడుకు ఫొటో చూపిస్తే దాన్ని కూడా వెనక్కి తిప్పారు. "అక్కడేముంటుంది మేడమ్?" అని నవ్వాను. "స్టూడియో ముద్ర, తారీకు," అన్నారు. చూద్దును కదా, ఎప్పటిదో ఫొటో! అసలు పెళ్ళికొడుకుని చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ జుట్టులో సగం లేదు. అబ్బాయి మంచివాడేలెండి, పెళ్ళి చేసేశాం. కానీ ఆ తర్వాత ఆవిడ "రెండో పక్క చూశావా?" అంటే నేను నవ్వడం మానేశాను.

ఇంకొకటి, "తెలుసు" అనే మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. "ఇప్పటికి ఇలా కనిపిస్తోంది," అనేవారు. "మేడమ్, వాన పడుతుందంటారా?" అని అడిగితే కిటికీలోంచి చూసి, "ఇప్పటికి మబ్బు కనిపిస్తోంది," అనేవారు. ఈ మనిషితో కాపురం చేసిన ఆయనెవరో గానీ మహానుభావుడు అనుకునేదాన్ని. ఆయన నా కళ్ళబడకముందే పోయారు, పిల్లలు లేరు. గుణదలలో కొండకి కాస్త దూరంగా చిన్న ఇల్లు. ఆదివారం చర్చి, మిగతా వారమంతా చేపలు. లెక్కపెట్టేటప్పుడు చర్చి పాట ఒకటి కూనిరాగం తీసేవారు. ఆ రాగం వినపడుతుంటే ఎవరం పలకరించేవాళ్ళం కాదు. పలకరిస్తే లెక్క తప్పేది, మళ్ళీ మొదట్నుంచి పాట.

ఆవిణ్ణి పట్టుకున్న పీడ ఎర్రమచ్చ. చలికాలం వచ్చిందంటే మన డెల్టాలో చేపల చెరువులున్న ఊళ్ళన్నిటికీ ఇదే భయం. ముందు ఎర్రమచ్చలు, ఆ తర్వాత పుళ్ళు, ఆ తర్వాత తెల్లారి లేచేసరికి చెరువు మీద పొట్టలు తేలడం. రైతు మందుల కొట్టుకి పరిగెత్తుతాడు. కొట్టువాడు ఇచ్చిన డబ్బాలన్నీ నీళ్ళల్లో కుమ్మరిస్తాడు. ఆ నీళ్ళు మురుగు కాలవలోకి, అక్కణ్ణుంచి ఎవరెవరి బిందెల్లోకో. మేడమ్ చేసింది జబ్బొచ్చాక వేసే మందు కాదు. రాకముందు నుంచే మేతలో కలిపి పెట్టే పొడి. ఆకులూ వేళ్ళూ ఎండబెట్టి కొట్టిన పొడి, కాస్త కాకరకాయ వాసన. ల్యాబ్‌లో తొట్లలో పెంచిన చేపలకి అది బ్రహ్మాండంగా పనిచేసింది. చెరువులో పనిచేస్తుందా లేదా అన్నదొక్కటే తేలాలి. అది తేలితే ఊరూరా పంచొచ్చు, ఆ డబ్బాల పీడ వదిలించొచ్చు.

తేలాలంటే చలికాలం రావాలి. చలికాలం ఏడాదికి ఒక్కసారే వస్తుంది, ఎవరు సంతకం పెట్టినా రెండోసారి రాదు. ఆవిడ రిటైర్‌మెంట్ లోపల మిగిలినవి రెండే రెండు చలికాలాలు.

మొదటిది ఎలా పోయిందో చెప్తాను, వినండి. ఆ ఏడు వేరే ఊళ్ళో ఒక చెరువు తీసుకున్నాం. చలికాలమంతా తిరిగి, చేపల రక్తం చిన్న చిన్న గొట్టాల్లోకి తీసి, డీప్ ఫ్రీజర్లో పెట్టాం. వాటిని పెద్ద ల్యాబ్‌కి పంపించి పరీక్ష చేయించాలి. పంపడానికి పైనుంచి అనుమతి రావాలి. వేసవి వెళ్ళింది, వానలొచ్చాయి, అనుమతి రాలేదు. దసరా మాత్రం టైముకి వచ్చింది.

మా అటెండరు పరమ భక్తుడు. ఆయుధపూజ అంటే అతనికి ప్రాణం. మేం సెలవుకి వెళ్ళేముందు చూస్తే మైక్రోస్కోపులన్నీ తుడిచి బొట్లు పెట్టాడు, త్రాసుకి బంతిపూల దండ వేశాడు, ఫ్రీజర్‌కి పెద్ద కుంకుమబొట్టు పెట్టి తలుపు ముందు నిమ్మకాయ పెట్టాడు. మేడమ్ చూసి ముచ్చటపడ్డారు కూడా. క్రిస్టియన్ అయినా ఏటా అతనికి పూలకి డబ్బులు తనే ఇచ్చేవారు. మేం వెళ్ళిపోయాక అతను చేసిన పని వేరే ఉంది. "ఏడాదంతా గుర్రుగుర్రుమని తిరుగుతూనే ఉంటుంది పాపం, పండగపూటైనా విశ్రాంతి ఇవ్వాలి కదా," అనుకుని మెయిన్ ఆపేసి, దణ్ణం పెట్టుకుని, తాళం వేసుకుని ఊరెళ్ళిపోయాడు.

పండగ సెలవులయ్యాక తలుపు తీశాం. వాసన. ఫ్రీజర్ కింద నీళ్ళమడుగు. గొట్టాల్లో నెత్తురంతా నల్లబడి కుళ్ళిపోయింది. తలుపు మీద బొట్టు మాత్రం చెక్కుచెదరలేదు. నేను అటెండరు మీద పడి అరిచాను. ఏమరిచానో ఇక్కడ రాయడం బాగోదు. అతను గోడకి చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. "దాని కష్టం చూళ్ళేకపోయానమ్మా," అంటాడు. మేడమ్ వంగి ఆ నిమ్మకాయ తీసి, వాసన చూసి, "ఇదొక్కటీ చెడిపోలేదు," అన్నారు. తర్వాత అతని దగ్గరికెళ్ళి, "మంచికే చేశావులే, లే, మొహం కడుక్కో," అన్నారు.

ఆ సాయంత్రం బస్టాపులో నాతో అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. "మనల్ని ఆపుతున్నవాళ్ళల్లో ఒక్క దుర్మార్గుడైనా ఉంటే ఎంత బావుండేదే! వాడితో పోరాడేదాన్ని. అందరూ మంచివాళ్ళే. ఏం చెయ్యను?" బస్సొచ్చింది, ఎక్కేశాం.

ఇక మిగిలింది ఆఖరి చలికాలం.

ఈసారి ఆవిడ రక్తమూ గొట్టాలూ పక్కన పెట్టేశారు. "ఎవరి అనుమతీ అక్కర్లేని పరీక్ష చేద్దాం. కళ్ళతో చూస్తే తెలిసిపోవాలి," అన్నారు. ఊళ్ళన్నీ వెతికి వెతికి, కూచిపూడి దాటి లోపలికి వెళ్ళాక ఒక రైతు చెరువులు పట్టుకున్నారు. పక్కపక్కన రెండు చెరువులు, మధ్యలో ఒక గట్టు. రెండింటికీ ఒకే కాలవ నీళ్ళు, ఒకే రోజు వదిలిన ఒకే రకం పిల్లలు. కవలపిల్లల్లా ఉన్నాయి. మొదటి చెరువుకి మేతలో పొడి కలిపి పెట్టాలి. రెండో చెరువుకి ఉత్త మేతే. చలి ముదిరేసరికి రెండోదాంట్లో ఎర్రమచ్చ వచ్చి, మొదటిదాంట్లో రాకపోతే పొడి గెలిచినట్టు. ఇంతకంటే తేలికగా ఎవరూ చెప్పలేరు. రెండో చెరువులో నష్టమొస్తే భరిస్తామని ఆఫీసుతో ముందే రాయించుకున్నారు కూడా.

రైతుగారు సరేనన్నారు. ఆయనది మోటార్లూ నీళ్ళూ చూసుకునే పని. మేత సంగతంతా ఆయన భార్యది. డెబ్భై దాటిన మనిషి, పొట్టిగా, చురుగ్గా. నేను మామ్మగారూ అనేదాన్ని, మేడమ్ పిన్నిగారూ అనేవారు. గట్టు మీద పట్టా పరిచి, తవుడూ వేరుశెనగ చెక్కా కుప్పపోసి, మామ్మగారు స్వయంగా చేతులతో కలిపేవారు. దాన్ని చిల్లులు పెట్టిన సంచుల్లో నింపితే పాలేరు దోనెలో వెళ్ళి చెరువులో పాతిన గెడలకి కట్టొచ్చేవాడు. చేపలు ఆ చిల్లుల్లోంచి లాక్కుని తినేవి.

మొదటిరోజు మేడమ్ అంతా వివరంగా చెప్పారు. మామ్మగారు శ్రద్ధగా విన్నారు. విని, "అదేంటమ్మా, ఒకళ్ళకి నెయ్యి వేసి పక్కనున్నవాళ్ళకి వెయ్యకుండా పోతామా? పంక్తిలో వలపక్షం పనికిరాదు కదా," అన్నారు.

మేడమ్ నవ్వారు. "వీటికి పెట్టకపోతేనే పిన్నిగారూ, వాటికి పెట్టింది పనిచేసిందో లేదో తెలిసేది."

"అంతేనంటావా?"

"అంతేనండీ."

"సరే తల్లీ, చదువుకున్నదానివి," అన్నారు మామ్మగారు. అన్నాక భోజనానికి లేవదీశారు. వసారాలో ఆకులు వేసి మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టారు. జీపు డ్రైవరు బయట నిలబడితే, "నువ్వేం పాపం చేశావయ్యా, రా," అని అతన్నీ అదే వరసలో కూర్చోబెట్టారు. నేతిగిన్నె ముగ్గురి మీదా ఒకే ధారగా తిరిగింది.

అక్కణ్ణుంచి వారం వారం వెళ్ళేవాళ్ళం. వెళ్ళేసరికి మేత కట్టడం అయిపోయి ఉండేది. వల వేయించి రెండు చెరువుల్లోనూ చేపలు తీయించేవారు మేడమ్. ఒక్కో చేపనీ పట్టుకుని ఈ పక్క చూసేవారు, తిప్పి ఆ పక్క చూసేవారు, వదిలేసేవారు. నోట్లో చర్చి పాట. మొదటి చెరువు శుభ్రం. రెండో చెరువూ శుభ్రం. "ఇంకా చలి పడలేదుగా," అనేవారు. చలి పడింది. పొద్దున్నే జీపు అద్దాలు తుడుచుకుంటూ వెళ్ళాల్సినంత మంచు. రెండో చెరువు శుభ్రం.

"జబ్బు రావాలని కోరుకునే డాక్టరమ్మని ఈ లోకంలో నేనొక్కదాన్నే ఉంటాను," అని నవ్వేవారు తిరుగుదారిలో. నవ్వుతూనే గోళ్ళు కొరుక్కునేవారు. పోనీ ఈ ఏడు జబ్బే రాలేదనుకుందామా అంటే, ఆ పక్క రైతు చెరువులో చేపలు కుప్పలుకుప్పలుగా తేలుతున్నాయి. ఆ రైతు గట్టు మీద తల పట్టుకుని కూర్చుని ఉండేవాడు. కానీ అది వేరే చెరువు, వేరే పిల్లలు, వేరే మేత. దాన్ని పక్కన పెట్టి పోల్చడానికి ఆవిడకి మనసొప్పదు. మాకు కావలసింది రెండో చెరువు. అదేమో పెళ్ళికి ముస్తాబైనట్టు ఉంది.

చలి తగ్గుముఖం పట్టింది. ఆ రోజు వల నాలుగు మూలలా వేయించారు. తిప్పారు, తిప్పారు, తిప్పారు. పాట ఆగిపోయింది. వచ్చి గట్టు మీద కూలబడ్డారు.

"ఉత్త గడ్డేనే నా పొడి," అన్నారు నాతో. "పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే."

భోజనానికి పిలవడానికి వచ్చిన మామ్మగారు ఆ మాట విన్నారు. "అదేంటి తల్లీ, అంత మాటన్నావు! బంగారం నీ పొడి. ఆ పక్కవాళ్ళ చెరువు చూశావుగా, శ్మశానంలా ఉంది. మా రెండింటి మీదా ఈగ వాలలేదు."

"రెండోదానికి పొడి పెట్టలేదుగా పిన్నిగారూ."

మామ్మగారు కొంగుతో మూతి తుడుచుకున్నారు. తప్పు చేసినట్టు కాదు, గొప్ప చెప్పుకోవడానికి మొహమాటపడుతున్నట్టు. "పెట్టకుండా ఎట్టా ఉంటానమ్మా? రెండు రోజులు నువ్వు చెప్పినట్టే చేశా. ఇటు ఇవి ఎగబడి తింటన్నాయి. అటు గట్టెక్కితే నా అడుగుల చప్పుడికే అవి దగ్గరికొచ్చి నోళ్ళు తెరుస్తన్నాయి. వాటి మొహం చూడలేకపోయా. తెలిసి తెలిసి జబ్బుకి ఒదిలేస్తే ఆ ఉసురు ఎవరికమ్మా? నీకు తగలదూ? అందుకని రెండు మేతలూ ఒకే కుప్పగా పోసి కలిపేశా. నువ్వు పంపిన పొడే, సగం ఇటు, సగం అటు. నీ సొమ్ము చిటికెడు ఎక్కువ వాడలేదు సుమా!"

మేడమ్ మామ్మగారి మొహంలోకే చూస్తున్నారు.

"సగమేనా?" అన్నారు చివరికి. "సగంతోనే రెండూ ఇంత శుభ్రంగా ఉన్నాయా?"

"ఎదురుగా కనపడతన్నాయిగా!"

ఒక్క క్షణం, ఒట్టేసి చెప్తున్నాను, ఆవిడ కళ్ళు దీపాల్లా వెలిగాయి. సగం పొడి చాలన్నమాట! అది ఆవిడ అనుకున్నదానికంటే గొప్ప సంగతి. మరుక్షణం ఆ వెలుగు పోయింది. దాన్ని చూపించడానికి పొడి తినని చెరువేదీ? పోల్చడానికి ఏం మిగిలింది? ఆ పొడి పనిచేసిందని ఆ గట్టు మీద నిలబడ్డ ప్రతివాళ్ళకీ తెలుసు, ఒక్క కాగితానికి తప్ప. "ఇప్పటికి ఇలా కనిపిస్తోంది" అని కూడా ఆవిడ అనలేరు.

నేను నోరు తెరిచాను. మేడమ్ నా మణికట్టు పట్టుకుని నొక్కారు, నెప్పి పుట్టేట్టు. "ఆకలేస్తోంది పిన్నిగారూ, వడ్డించండి," అన్నారు. వెళ్ళి కూర్చున్నాం. గోంగూర పప్పు, కొరమేను పులుసు. మేడమ్ మారు అడిగి పెట్టించుకుని తిన్నారు. వచ్చేటప్పుడు మామ్మగారి రెండు చేతులూ పట్టుకుని, "మీ చేతి వంట మర్చిపోలేనండీ," అన్నారు. మామ్మగారు మాకు సంచీనిండా బీరకాయలు కోసిచ్చారు.

జీపు పామర్రు దాటింది. నేను ఆగలేకపోయాను. "ఆవిడకి ఒక్కమాట చెప్పి ఉండాల్సింది మేడమ్. ఎంత పని చేసిందో ఆవిడకి తెలియాలి!" అన్నాను.

"తెలిస్తే?"

"తెలిస్తే... తెలియాలి, అంతే!"

ఆవిడ కిటికీలోంచి పొలాలు చూస్తూ అన్నారు: "చిన్నప్పుడు మా నాన్నతో ఇలాంటి పెద్ద రైతులిళ్ళకి కోతలకి వెళ్ళేదాన్ని. లోపల అందరూ వరసగా కూర్చుని తింటుంటే మాకు దొడ్లో విడిగా పెట్టేవాళ్ళు. అడుగూబొడుగూ. నెయ్యి వాసన మాత్రం అక్కడిదాకా వచ్చేది. ఈవిడ చేపల్ని కూడా పంక్తిలో కూర్చోబెట్టిందే. ఈవిణ్ణి ఏమనమంటావు నన్ను?"

నా వైపు తిరిగి, "ఆవిడకి ఎప్పటికీ చెప్పకు. నా మీద ఒట్టు," అన్నారు. ఒట్టేశాను. వెయ్యకుండా ఉండాల్సింది.

తర్వాత రిపోర్టు. "ప్రయోగం చెడిపోయింది, రెండో చెరువు కూడా పొడి తిన్నది, మళ్ళీ చెయ్యాలి," అని ఆవిడ ఉన్నదున్నట్టు రాసిచ్చారు. మా పైఆఫీసరు చదివి, కళ్ళజోడు తీసి, ఎంతో మర్యాదగా చెప్పారు. "చెడిపోయిందని రాస్తే ఇన్నాళ్ళూ ఏం చేశారని ఆడిట్‌వాళ్ళు అడుగుతారండీ. రేపు మీ పెన్షన్ కాగితాలకి కూడా అడ్డం తగులుతుంది. ఎందుకొచ్చిన గొడవ? రెండు చెరువుల మధ్య తేడా కనిపించలేదు అని ఒక్క ముక్క రాద్దాం. అబద్ధం కాదుగా?"

అబద్ధం కాదు. తేడా కనిపించలేదు, నిజమే. ఆయనా చెడ్డవాడు కాదు, అదీ మా ఖర్మ. ఆవిడ పెన్షన్ గురించి నిజంగానే బెంగపడ్డాడు. ఆవిడ ఒప్పుకోలేదు, సంతకం పెట్టనన్నారు. ఆవిడ రాసింది అలాగే పైకి వెళ్ళింది. పైన ఎవరో దాన్ని కుదించి, అన్ని కేంద్రాల పనులూ కలిపి వేసే పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం చేశారు: పొడి వాడిన చెరువుకీ, వాడని చెరువుకీ తేడా కనిపించలేదు. పుస్తకం మా ఆఫీసుకి వచ్చినరోజు మేడమ్ అది చదివి, అలవాటు కొద్దీ ఆ కాగితాన్ని తిప్పి వెనక చూశారు. వెనక రొయ్యల సంగతి ఉంది.

"ఇక దీన్ని ఎవరూ ముట్టుకోరు," అన్నారు. "పనిచెయ్యదని తేలిపోయిందనుకుంటారు. నేనైనా అలాగే అనుకుంటాను."

ఇంకొక్క చలికాలం ఇమ్మని అడిగారు. జీతం వద్దు, ఊరికే వచ్చి చేస్తానన్నారు. రిటైరైనవాళ్ళు అలా చెయ్యడానికి రూలు లేదన్నారు. ఆ వేసవిలో శాలువా కప్పి పంపేశారు. అటెండరు అందరికంటే పెద్ద దండ తెచ్చి వేసి మళ్ళీ ఏడ్చాడు. ఆవిడ స్థానంలో వచ్చిన కుర్ర సైంటిస్టు చురుకైనవాడే. పొడి గురించి చెప్పబోతే, "అది అయిపోయిందిగా అక్కా, తేడా లేదన్నారుగా," అని రొయ్యల పనిలో పడ్డాడు. అతన్ని మాత్రం ఏమనగలను? అచ్చులో ఉన్నది చదివాడు.

మేడమ్ మాత్రం వదల్లేదు. గుణదలలో ఇంటి డాబా మీద ఆకులు ఎండబెట్టడం మొదలుపెట్టారు. ఆదివారం నేను వెళ్తే చాటల మధ్య కూర్చుని ఉండేవారు. "చలికాలం రానీ, సొంతంగా చేద్దాం. ఈసారి పిన్నిగారికి మొదట్నుంచీ పక్కన కూర్చుని నచ్చచెప్తాను," అనేవారు.

"వింటుందంటారా?"

"ఇప్పటికి ఆశ కనిపిస్తోంది," అని నవ్వేవారు.

చలికాలం ఇంకా రాకముందే ఒక పొద్దున గుండె ఆగి పోయారు. డాబా మీద చాటలు అలాగే ఉన్నాయి. ఆ రాత్రి వానకి ఆకులన్నీ నానిపోయాయి. ఆ పొడి పాళ్ళు నీకు తెలుసుగా, నువ్వు చెయ్యొచ్చుగా అంటారేమో. తెలుసు. కానీ నేను చేసిస్తే అది పరిశోధన అవదు, నాటువైద్యం అవుతుంది. ఒకళ్ళిద్దరి చేపలు బతుకుతాయేమో, ఆవిడ కోరుకున్నది అది కాదు. ఎవరూ కాదనలేనట్టు తేలాలనుకున్నారు ఆవిడ. నేనెవర్ని తేల్చడానికి?

గుణదలలో ఆవిడ కోసం చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికకి వెళ్ళాను. పాస్టరుగారు ప్రార్థన చేశాక, ఆవిడ గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పండన్నారు. మా ఆఫీసరు లేచి, ఆవిడ సేవలు మరువలేనివన్నారు. ఆ తర్వాత వెనక వరసలోంచి ఒక పొట్టి మనిషి లేచారు. మామ్మగారు! అంత దూరం నుంచి బస్సులు మారి వచ్చారు. మైకు నోటికి దూరంగా పట్టుకుని, "నాకు మాట్టాడ్డం రాదండీ. మా రెండు చెరువుల్నీ కాపాడిన తల్లి. అంతే," అని కూర్చుండిపోయారు. హాల్లో అందరూ కళ్ళొత్తుకున్నారు. నా మణికట్టు నెప్పెట్టింది, అప్పుడు మేడమ్ నొక్కిన చోటే.

భోజనాల్లో మామ్మగారు నా పక్కనే కూర్చున్నారు. "ఈ ఏడు ఆ పొడి ఎక్కడిస్తన్నారమ్మా?" అని అడిగారు. "చలి పడబోతోంది. మాకే కాదు, ఆ పక్క చెరువాయనకీ ఇప్పించాలి. నిరుడు ఎట్టా పోయాయో చూశావుగా."

"ఇవ్వట్లేదు మామ్మగారూ. ఆపేశారు."

"ఆపేశారా? అంత మంచి పొడిని? ఎందుకని?"

పప్పులో నెయ్యి కలుపుతూ ఉండిపోయాను. ఏం చెప్పను? ఒట్టుంది. ఒట్టు లేకపోయినా ఆ మొహం చూస్తూ చెప్పగలిగేదాన్ని కాదు.

"ఏ పాపిష్టి చెయ్యి అడ్డం పడిందోనమ్మా," అన్నారు మామ్మగారు, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని. "ఆ మహాతల్లి కష్టం మట్టిపాలు చేశాడు. వాడు బాగుపడడు."

వడ్డించే కుర్రాడు బూరెల పళ్ళెంతో వచ్చాడు. మామ్మగారి ఆకులో ఒకటి వేసి, నా దగ్గరికొచ్చేసరికి పళ్ళెం ఖాళీ. "అయిపోయాయండీ, తెస్తాను," అని వెళ్ళి మళ్ళీ రాలేదు.

మామ్మగారు అటూ ఇటూ చూశారు. తన ఆకులో బూరెని రెండు చేతులతో విరిచి, సగం తీసి నా ఆకులో పెట్టారు. "నీకు పెట్టకుండా నేనెట్టా తింటానమ్మా? తిను," అన్నారు.

తిన్నాను.